28 రోజుల డబ్బు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక విద్యా పేజీల్లో ఇంగ్లండులో పీజీ చదువుల గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఏ కోర్సుకు ఏ పరీక్షలో ఎంత స్కోరు కావాలి, జనవరి, సెప్టెంబరు ప్రవేశాలకు దరఖాస్తు ఎప్పుడు పెట్టుకోవాలి, ఫీజులో ముందుగా ఎంత కట్టాలి అన్నవన్నీ వివరంగానే ఉన్నాయి. వీసా కోసం బ్యాంకు ఖాతాలో డబ్బు చూపించాలన్న సంగతిని మాత్రం, దరఖాస్తుకు ఫొటో అతికించాలని చెప్పినంత తేలిగ్గా ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ఇందులో అంకెలు కాస్త ఎక్కువగానే ఉంటాయి, మన్నించాలి.

ఇంగ్లండుకు విద్యార్థి వీసా అడిగేవారు అక్కడ బతకడానికి సరిపడా డబ్బు తమ దగ్గర ఉందని రుజువు చూపాలి. 2025 నవంబరు నుంచి ఆ మొత్తం లండన్‌లో చదివేవారికి నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయట చదివేవారికి 1,171 పౌండ్లు. కోర్సు ఏడాదిదైనా ఖర్చును తొమ్మిది నెలలకే లెక్క కడతారు కనుక లండన్‌కైతే 13,761 పౌండ్లు, మిగతా ఊళ్లకైతే 10,539 పౌండ్లు కావాలి. తక్కువదే తీసుకున్నా మన డబ్బులో పన్నెండు లక్షలు దాటుతుంది. కట్టాల్సిన ఫీజు ఇంకా మిగిలి ఉంటే అది దీనికి అదనం. ఈ డబ్బు విద్యార్థి ఖాతాలోనో తల్లిదండ్రుల ఖాతాలోనో వరసగా 28 రోజులు, మధ్యలో ఒక్కరోజైనా తగ్గకుండా నిలవాలి. పరాయి దేశంలో దిగిన పిల్లలు తొలి నెలల్లో తిండికీ అద్దెకూ వెతుక్కునే పరిస్థితి రాకూడదని పెట్టిన నియమం ఇదని అర్థం చేసుకోవడానికి ప్లీడరు అక్కరలేదు.

మన విజయవాడలో ఆ నియమం ఏ గతి పట్టిందో బెంజి సర్కిల్ చుట్టుపక్కల, విదేశీ చదువులకు పంపే నాలుగు కన్సల్టెన్సీల మెట్లెక్కి దిగితే తెలుస్తుంది. అన్నీ అలాంటివే అని అనను. ఉన్నదున్నట్టు చెప్పి, మీ స్థోమతకు ఇది తగదు, ఇంకో ఏడాది ఆగండి అని పంపేసినవారినీ చూశాను. కానీ ఎక్కువచోట్ల వినిపించే మాట, "ఫండ్స్ సంగతి మాకొదిలేయండి మేడమ్" అని. లక్షకు నెలకు ఇంత అని ముందే వడ్డీ కోసుకుని, ఎవరిదో డబ్బు మన ఖాతాలో వేయిస్తారు. అది 28 రోజులూ, ఆ పైన వీసా తేలేదాకా మరికొన్ని రోజులూ మన పాస్ బుక్కులో చుట్టపు చూపుగా ఉండి, వీసా వచ్చిన మర్నాడే వచ్చిన దారిన వెళ్లిపోతుంది. పిల్లవాడు విమానం ఎక్కుతాడు. అతను బతకడానికని లెక్క చూపిన డబ్బు ఏ గవర్నరుపేట గల్లాపెట్టెలోనో ఉంటుంది.

ఈ మాట ఎవరినో తప్పుపట్టడానికి రాయడం లేదు. 2024లో మా చిన్నవాడికి మేమూ ఇదే చేశాం. నా పేరు అచ్చు వేయవద్దని విడిగా కోరడానికి కారణం కూడా అదే.

అప్పట్లో లండన్ బయట నెలకు 1,023 పౌండ్లు లెక్క. తొమ్మిది నెలలకు 9,207 పౌండ్లు, అప్పటి ధరలో సుమారు పది లక్షలు. ఫీజు విద్యా రుణంతో కట్టాం. మా చేతిలో ఉన్నది నా పదవీ విరమణ డబ్బులో మిగిలిన నాలుగు లక్షలు. తక్కువ పడిన ఆరు లక్షలు లక్షకు నెలకు మూడు వేల వడ్డీ చొప్పున నెలన్నరకు తెచ్చాం. అంటే 27 వేలు. దాన్ని వీసా ఖర్చుల్లో ఒకటిగా జమ కట్టి, తేలిగ్గానే బయటపడ్డాం అనుకున్నాను. నిజానికి మా సొంత నాలుగు లక్షలూ వాడి చేతికి పూర్తిగా రాలేదు. వీసా రుసుము 490 పౌండ్లు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టించుకునే ఆరోగ్య సర్‌చార్జీ 1,164 పౌండ్లు, ఈ రెండిటికే లక్షా ఎనభై వేలు అయింది. క్షయ లేదని సర్టిఫికెట్, విమానం టికెట్, పెట్టెలు, బట్టలు కలిపి మరో లక్ష. వాడు ఇంగ్లండులోని లెస్టర్‌లో దిగేనాటికి చేతిలో ఉన్నది 1,100 పౌండ్లు. గదికి నెల అద్దె 520, అడ్వాన్సు మరో 520. ముప్పై ఏళ్లు తీసివేతలు నేర్పిన నేను ఈ ఒక్క తీసివేత ఆనాడు చేయలేదు.

ఆ సంగతి నాకు తెలిసింది కూడా ఏడాది దాటాక. కిందటి శీతకాలంలో వాడి పట్టా ప్రదానోత్సవానికని వెళ్లి ఏడు వారాలు ఆ గదిలోనే ఉన్నాను. ఒకనాడు వాడు పనికి వెళ్లాక, బీరువా సొరుగులో సూదీ దారం కోసం వెతుకుతుంటే చేతికి తగిలింది ఒక చిన్న నోటు పుస్తకం. రోజూ లెక్క రాయమని చిన్నప్పుడు నేనే అలవాటు చేశాను. మొదటి పేజీ పైన, ఖర్చులు మొదలుపెట్టే ముందు, ఒకే ఒక్క పంక్తి రాసి కింద గీత గీశాడు: "అమ్మ కట్టిన వడ్డీ 27,000 = 245 పౌండ్లు = 14 రోజుల అద్దె." ఆ తరువాత రోజువారీ పద్దు. బస్సు 2.00, పాలు 1.45, బ్రెడ్డు 0.75, మీటరు 5.00. నాలుగో ఆదివారం దగ్గర "మధ్యాహ్నం భోజనం 0.00" అని ఉంది. తరువాతి ఆదివారమూ అంతే, ఆ పై ఆదివారమూ అంతే. సాయంత్రం అడిగితే, "గురుద్వారాలో అమ్మా, రొట్టె, పప్పు, పాయసం పెడతారు, ఎవరు ఏమిటి అని అడగరు, తిన్నాక గిన్నెలు కడిగి వచ్చేవాణ్ణి" అన్నాడు. ఆ రోజుల్లో నేను ఫోను చేసి అన్నం తిన్నావా అని అడిగితే తిన్నాననే చెప్పేవాడు. అబద్ధం చెప్పలేదు మరి.

మీ పాఠకుల్లో ఈ సెప్టెంబరుకో వచ్చే జనవరికో పిల్లల్ని పంపబోయేవారు చాలామంది ఉంటారు గనుక, ఆ పుస్తకంలో నాకు అర్థమైనవీ, అక్కడ కళ్లారా చూసినవీ కొన్ని రాస్తాను. వీటిలో చాలా భాగం డబ్బున్నవాడికి అవసరం లేదు. కానీ ఖాళీ చేతులతో దిగినవాడు సరిగ్గా ఇక్కడే తప్పటడుగు వేస్తాడు.

మొదటిది గది. ఖాళీ చేతులవాడు ఎవరు చౌకగా ఇస్తామంటే అక్కడికి పోతాడు. మూడు పడక గదుల ఇంట్లో మనవాళ్లే ఎనిమిదిమంది, హాల్లో పరుపులు, నెలకు 250, రసీదు ఉండదు. ఒకే కుటుంబానికి చెందని ఐదుగురు లేదా అంతకు మించి ఒక ఇంట్లో అద్దెకుంటే ఆ ఇంటికి స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండి తీరాలని ఇంగ్లండు చట్టం. ఆ హాల్లో పడుకునే పిల్లలకు ఆ సంగతే తెలియదు. ఇల్లు చూడకముందే అడ్వాన్సు పంపమనేవారు మరో రకం. మా వీధిలోనే ఒకరి అబ్బాయి పటమటలో కూర్చుని, ఫొటోలు చూసి, 600 పౌండ్లు పంపాడు. దిగాక ఆ చిరునామాకు వెళ్తే అది క్షౌరశాల. పద్ధతిగా అద్దెకు తీసుకునేవారికి 2019లో వచ్చిన చట్టం గట్టి అండగా ఉంది. ఏడాది అద్దె 50 వేల పౌండ్ల లోపైతే అడ్వాన్సు ఐదు వారాల అద్దెను మించకూడదు. గది పట్టి ఉంచడానికి తీసుకునేది ఒక వారం అద్దెను మించకూడదు. అంతకు ముందునుంచే ఉన్న నియమం ఇంకొకటి: అడ్వాన్సును 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన మూడు పథకాల్లో ఒకదానిలో భద్రపరచాలి, చేయకపోతే కోర్టు ఆ మొత్తానికి ఒకటి నుంచి మూడు రెట్లు అద్దెదారుకు ఇప్పించగలదు. అయితే ఇంటివారు కూడా అదే ఇంట్లో ఉంటూ ఒక గది ఇస్తే ఈ అడ్వాన్సు రక్షణ వర్తించదు, అది గుర్తుంచుకోవాలి. దిగిన తొలి రెండు వారాలకు విశ్వవిద్యాలయం హాస్టలో, ఏదైనా చిన్న వసతో చూసుకుని, ఇల్లు కళ్లతో చూశాకే డబ్బు కట్టాలంటే మళ్లీ కావలసింది ఏమిటి? చేతిలో డబ్బు.

రెండోది పని. చదువు నడిచే రోజుల్లో డిగ్రీ, పీజీ విద్యార్థులు వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. మావాడు వెళ్లినప్పుడు అది 11.44 ఉండేది. చేతిలో అరవై పౌండ్లు మిగిలిన వారంలో వాడికి దొరికిన తొలి పని ఒక హోటల్ వంటింట్లో, గంటకు 6 పౌండ్లు, నోట్లు చేతిలో పెట్టడం, ఎన్ని గంటలైనా అభ్యంతరం లేకపోవడం. రెండు రాత్రులు గిన్నెలు తోమి, మూడోనాడు మానేశాడు. మానగలగడానికి కారణం వాడి నిజాయితీ అని చెప్పుకోవాలని నాకూ ఉంటుంది గానీ, అదే వారం తోటి విద్యార్థి ఒకడు 200 పౌండ్లు చేబదులు ఇవ్వడమే అసలు కారణం. ఆ చేబదులు దొరకని పిల్లలు అక్కడే ఉండిపోతారు. గంటలు మించినట్టు తేలితే వీసా రద్దవుతుందని వాళ్లకు తెలియక కాదు. సగం కూలికి రెట్టింపు గంటలు చేసే పిల్లవాణ్ణి ఆ యజమాని వాడుకుంటున్నాడంటే, వాణ్ణి ఆ వంటింట్లోకి నెట్టిన చేతుల్లో మనవీ ఉన్నాయి. పద్ధతిగా పని చేయాలంటే కావలసిన నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుకు (జీతంలో పన్ను, బీమా లెక్కలకు వాడే నంబరు) దరఖాస్తు పూర్తిగా ఉచితం. పని చేసే హక్కు ఉందని ఆన్‌లైన్ వీసా నుంచి తీసిన షేర్ కోడ్‌తో చూపగలిగితే ఆ నంబరు రాకముందే పనిలో చేరవచ్చు. ఇక్కడ కొన్ని ఆఫీసులు దీనికీ ఐదు వేలు "సర్వీసు చార్జీ" పుచ్చుకుంటున్నాయి.

వంట సంగతి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బడ్జెట్టులో అద్దె తరువాత మన చేతిలో ఉండేది అదొక్కటే. బయట ఒక పూట తింటే తొమ్మిది పది పౌండ్లు. ఆల్డి, లిడిల్ వంటి చౌక దుకాణాల్లో కూరగాయలు, పాలు, గుడ్లు తెచ్చుకుని, బియ్యం, కందిపప్పు, చింతపండు మన సరుకుల కొట్లలో పెద్ద సంచులుగా నలుగురు కలిసి కొనుక్కుంటే వారానికి ఒక మనిషికి 22 పౌండ్లతో రెండు పూటలా అన్నం తినవచ్చని నేనక్కడ ఏడు వారాలు వండి లెక్క తేల్చాను. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు పొడవునా గుజరాతీల కొట్లు. గోరుచిక్కుడు కాయలతో సహా దొరుకుతాయి. పెద్ద దుకాణాల్లో సాయంత్రం పొద్దుపోయాక ఆ రోజుతో గడువు తీరే సరుకులకు పసుపు చీటీలు అంటించి ధర తగ్గిస్తారు. మావాడి పుస్తకంలో ఒక పేజీ నిండా పసుపు చీటీల ధరలే ఉన్నాయి. పాలకూర కట్ట 20 పెన్నీలు, పెరుగు 30 పెన్నీలు. కుక్కరు ఇక్కడినుంచి పట్టుకెళ్లాలి, రెండు గాస్కెట్లు అదనంగా. మిక్సీ కూడా పనిచేస్తుంది, కరెంటు ఓల్టేజి మనదే. ప్లగ్గు మాత్రం మూడు పలకల పిన్నులది వేయించాలి.

ఒకటి మాత్రం ఎవరూ చెప్పలేదు. వెళ్లిన రెండో రోజు రాత్రి గోంగూర పప్పుకు పోపు పెట్టాను. గుంటూరు నుంచి మా అక్కయ్య పంపిన ఎండు మిరపకాయలు, మెంతులు, ఇంగువ. వంటింటి తలుపు తీసి ఉంచడం నా తప్పు. ఆవాలు చిటపటమనే లోపే నడవ కప్పుకు బిగించిన, పొగను పసిగట్టే గుండ్రటి డబ్బా ఒక్క కూత పెట్టింది, దానితో పాటు మూడు అంతస్తుల్లోని డబ్బాలన్నీ కూశాయి. అద్దెకున్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ చెప్పులు తొడుక్కుని వీధిలోకి వచ్చి నిలబడ్డారు. పై గదిలో ఉండే నైజీరియా అమ్మాయి తడి తలకు తువాలు చుట్టుకుని, ఆ చలిలో దగ్గుతూ, "ఏం వండుతున్నారు ఆంటీ, నాకూ కాస్త పెట్టండి" అంది. ఆ రాత్రి తనే నేర్పింది: తలుపు మూసి, కిటికీ తీసి, పొగ పీల్చే ఫ్యాను వేసి, అప్పుడు మూకుడు పొయ్యి మీద పెట్టాలని. వెళ్లబోయే పిల్లలకు ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్షతో పాటు దీన్నీ నేర్పి పంపవచ్చు.

పెట్టెలో ఏం సర్దాలి అన్నది మన ఇళ్లలో పెళ్లి సారె సర్దినంత హడావిడి. నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలు గానీ మాంసం పచ్చళ్లు గానీ మన దేశం నుంచి వెళ్లేవారు అక్కడికి తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు తీసుకెళ్లవచ్చు. ఇక్కడ శీతకాలంలో అమ్మే స్వెట్టర్లు నాలుగు కొనిపెట్టాం, అవి ఏ మూలకూ రాలేదు. అక్కడ కావలసింది వానా గాలీ రెండూ ఆపే కోటు. సేవా సంస్థలు నడిపే పాత వస్తువుల దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మావాడు ఇవాళ్టికీ తొడుక్కునే కోటు అలాంటి కొట్టులో 8 పౌండ్లకు కొన్నదే. ఎవరో విప్పేసిన బట్టలు నా కొడుకు తొడుక్కోవడమా అని మొదట మనసు చివుక్కుమంది. ఆ కొట్టుకు నేనే మూడుసార్లు వెళ్లాక ఆ అభ్యంతరం పోయింది.

ప్రయాణాలకు లండన్ బయట ఎక్కువ బస్సుల్లో ఒక వైపు టికెట్టుకు గరిష్ఠ పరిమితి ఉంది. 2024 చివరిదాకా 2 పౌండ్లు, 2025 జనవరి నుంచి 3 పౌండ్లు. రైలుకు 16 నుంచి 25 ఏళ్లవారికి ఒక కార్డు ఉంది, చాలా టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది. ఒక్క దూర ప్రయాణంలోనే కార్డు ఖరీదులో సగం తిరిగి రావచ్చు. పూర్తికాలం విద్యార్థులు కౌన్సిల్ పన్ను (మన ఇంటిపన్ను లాంటిది) కట్టనక్కరలేదు, అయితే కోర్సు పూర్తవగానే ఆ మినహాయింపు పోతుంది. ఇంటికి కరెంటు మీటరు ముందు డబ్బు వేసుకునే రకమైతే, అద్దెలో కరెంటు కలిసి ఉందో లేదో ముందే అడగాలి. మావాడి పద్దులో "మీటరు 5.00" అన్నది అక్టోబరులో వారానికి ఒకసారి, డిసెంబరులో వారానికి మూడుసార్లు కనిపిస్తుంది. డిసెంబరులో అక్కడ నాలుగు గంటలకే చీకటి పడుతుంది, మూడోసారి మీటరు నింపని రోజుల్లో వాడు గ్రంథాలయం మూసేదాకా అక్కడే కూర్చునేవాడట.

వైద్యం గురించి ఒక్కమాట. సర్‌చార్జీ అంత కట్టాక కూడా మన పిల్లలు జ్వరం వస్తే ఇక్కడినుంచి తెచ్చుకున్న మాత్రలు మింగి పడుకుంటారు. దిగిన వారంలోనే దగ్గరలోని జీపీ, అంటే ఆ పేట సాధారణ డాక్టరు, దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, అది ఉచితం, చిరునామా రుజువు లేదని నిరాకరించకూడదు. డాక్టరు రాసిన ఒక్కో మందుకు ఇంగ్లండులో 9.90 పౌండ్లు. పంటి వైద్యానికి మాత్రం విడిగా డబ్బు కట్టాలి, అందుకని పుచ్చిన పన్ను ఏదైనా ఉంటే విమానం ఎక్కకముందే విజయవాడలో చూపించుకోవడం లాభం.

విద్యార్థి వీసా ఒక్కటే దారి అనుకోవడం కూడా సరికాదు. 2023లో మొదలైన యువ వృత్తి నిపుణుల పథకం కింద, డిగ్రీ ఉన్న 18 నుంచి 30 ఏళ్ల భారతీయులు ఏటా 3,000 మందికి రెండేళ్లు అక్కడ ఉండి పని చేసుకునే వీలుంది. పేర్లు లాటరీలో తీస్తారు, లాటరీకి పేరు ఇవ్వడానికి పైసా అక్కరలేదు. ఎంపికైతే వీసా రుసుము, రెండేళ్లకు 1,552 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జీ కట్టి, ఖాతాలో 2,530 పౌండ్లు 28 రోజులు నిలిచినట్టు చూపాలి. విద్యార్థి చూపాల్సిన దానిలో ఇది నాలుగో వంతు కూడా లేదు, లక్షల ఫీజు అసలే లేదు. ఈ పథకం గురించి నాకు ఏ కన్సల్టెన్సీలోనూ చెప్పలేదు. కమీషను రాని దారిని వాళ్లెందుకు చూపిస్తారు? పత్రికలు చూపించాలి. పైగా చదువు ముగిశాక పని కోసం ఇచ్చే రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసాను 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలకు తగ్గించారు. అప్పు తీరుస్తాడులే అని లెక్క వేసుకున్న ఇళ్లల్లో ఆ ఆరు నెలలు చిన్న సంగతి కాదు.

అప్పు తెచ్చి చూపడం అందరూ చేసేదేగా అని మా బంధువులు అంటున్నారు. ఎవరిదో డబ్బు మనదిగా చూపించడం అక్కడి అధికారుల దృష్టిలో మోసం కిందికి వస్తే వీసా పోవడమే కాదు, పదేళ్ల దాకా మళ్లీ అడుగుపెట్టనివ్వరు. అయినా నాకు ఆ భయంకంటే పుస్తకంలోని తీసివేతే ఎక్కువ బాధ పెట్టింది. నిజంగా పన్నెండు లక్షలు పోగు చేయలేని ఇల్లు పిల్లల్ని పంపకూడదా అని అడగవచ్చు. బ్యాంకు విద్యా రుణంలోనే జీవన వ్యయాన్ని కూడా మంజూరు చేయించుకోవచ్చు, ఆ మంజూరు పత్రాన్నే వీసాకు చూపవచ్చు, ఆ డబ్బు నిజంగా పిల్లల చేతికి వెళ్తుంది. మేము ఫీజుకు మాత్రమే రుణం అడిగాం. వడ్డీ పెరుగుతుందని భయపడి జీవన వ్యయం వద్దన్నది నేనే. బ్యాంకు వడ్డీకి జంకి, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి వెళ్లాను.

మీ విద్యా పేజీ నుంచి నేను కోరేది చిన్నది. ప్రవేశాల గడువులు వేసే చోటే, ఏ ఊళ్లో గది అద్దె ఎంత, తొలి మూడు నెలలకు ఖర్చు ఎంత అవుతుంది, ఎంత డబ్బు చేతిలో లేకుండా పిల్లల్ని విమానం ఎక్కించకూడదు అన్నది కూడా వేయండి. ఇందుకు అక్కడ ఉన్న మన పిల్లల్నే అడగండి, కన్సల్టెన్సీలను కాదు. మన ఇంజనీరింగు కాలేజీల్లో ప్లేస్‌మెంట్ అధికారులు ఉన్నట్టే, ఆఖరి ఏడాది పిల్లలకు ఒక పూట ఇవన్నీ చెప్పేవారు ఉంటే మంచిది. పిలిస్తే నేనే వచ్చి చెబుతాను, బస్సు చార్జీ కూడా అడగను.

మా అబ్బాయి నోటు పుస్తకంలోని తొలి తొంభై రోజుల పద్దును మీ పత్రికలో వేయడానికి పంపనా అని వాణ్ణి ఫోనులో అడిగాను. మొదటి పేజీ పైన రాసిన పంక్తి తీసేసి పంపుతానన్నాను. ఆ పంక్తి ఉంటేనే పంపమన్నాడు. జిరాక్సు కాపీలు ఈ ఉత్తరానికి జతచేశాను. మొదటి పేజీ కూడా ఉంది.

నమస్కారాలతో,
ఒక విశ్రాంత లెక్కల టీచరు,
పటమట, విజయవాడ